వేదిక, తెర, పృచ్ఛకుడు

విశ్వవిద్యాలయం అనగానే సామాన్యుని మనస్సులో మెదలేవి మూడు: పరీక్ష, పట్టం, ఉద్యోగం. ఈ మూడింటికి తోడు దానికి మరొక ధర్మం కలదనీ, ఆ ధర్మం ప్రాకారానికి ఆవల నిలిచి ఉన్నవానికి సంబంధించినదనీ తలచేవారు అరుదు. జీతం కట్టి చదువుకొనే విద్యార్థికే గాక, పన్ను కట్టి ఆ విద్యాలయాన్ని పోషిస్తున్న రైతుకు, బడిపంతులుకు, నేతపనివానికి, చేపలు పట్టి బ్రతికేవానికి కూడ ఆ విద్యలో భాగం ఉన్నది. ఆ భాగాన్ని పంచి ఇవ్వడానికి ఏర్పడిన సాధనమే బహిరంగోపన్యాసం. ఇరవయ్యవ శతాబ్దం దానికి మరొక తోడును ఇచ్చినది. అది చలనచిత్ర ప్రదర్శన. తమ ప్రాంతపు రాజకీయాలు ఎట్లు నడుస్తున్నవి, తమ నేలకూ నీటికీ సముద్రతీరానికీ రక్షణ ఏమిటి, తమ సంస్కృతి ఎక్కడినుండి వచ్చినది అనే ప్రశ్నలకు ప్రజలు సమాధానం వెదకుకొనే చోట్లు ఈ రెండే.

ఏలూరికీ తాడేపల్లిగూడేనికీ నడుమ, చెన్నై - హౌరా రైలుమార్గం మీద ఉంగుటూరు ఉన్నది. 1925 నుండి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు జిల్లాలో చేరిన ఈ ఊరికి విద్యాపీఠాలు దూరం కావు. ఏలూరులో 1945లో నెలకొన్న సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల ఒక వైపు. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయపు ప్రాంగణం, దానికి చేరువనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం మరొక వైపు. దక్షిణాన కొల్లేటి పల్లెలు. ఇన్ని దీపాల నడుమ ఉన్న పల్లెలో వెలుగు ఎంత పడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు ఆచార్యులు మాత్రమే కాదు. ఆ పల్లెల బడులలో పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ, పాఠం వినే విద్యార్థులకూ కూడ అందులో బాధ్యత ఉన్నది.

పూర్వకథ

విశ్వవిద్యాలయం గడప దాటి రావాలనే భావం ఇంగ్లండులో రూపుదిద్దుకొన్నది. కేంబ్రిడ్జిలో పండితుడైన జేమ్స్ స్టువర్ట్ 1867లో ఉత్తర ఇంగ్లండు పట్టణాలకు వెళ్ళి అక్కడి స్త్రీ విద్యాసంఘాల కోసం ఉపన్యాసాలు ప్రారంభించినాడు. తరువాత రాచ్‌డేల్ సహకార సంఘపు కార్మికుల ఎదుట మాట్లాడినప్పుడు ఒక విశేషం జరిగినది. తాను గోడకు తగిలించిన పటాలను తరువాతి ఉపన్యాసం వరకు అట్లే ఉంచవలసినదిగా ఆయన అక్కడివారిని కోరినాడు. ఉపన్యాసం ముగిసిన తరువాత కూడ కార్మికులు ఆ పటాలను గురించి చర్చించుకొన్నారు. ఆ చర్చ కోసం స్టువర్ట్ ప్రత్యేకంగా ఒక వేళ కేటాయించినాడు. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఈ పనిని తనదిగా స్వీకరించినది. ఉపన్యాసం కన్న ఉపన్యాసానంతరపు చర్చ విలువైనదని ఆ పటాల ముందు నిలిచిన కార్మికులు తొలినాడే నిరూపించినారు.

భారతదేశంలో 1857లో వెలసిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు మొదట పరీక్షలు జరిపే సంస్థలుగానే ఉండినవి. తెలుగువారికి తమదైన విశ్వవిద్యాలయం కావాలనే కోరిక ఆంధ్రోద్యమంతో పాటు పెరిగినది. 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్ర మహాసభ నాటినుండి ఆ ఉద్యమం వేళ్ళూనుకొన్నది. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1930లో వాల్తేరుకు తరలినది. అనగా ఆ విద్యాలయం పుట్టుకే ఒక ప్రాంతీయ రాజకీయ ఫలం. దాని మొదటి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, శాసనోల్లంఘన కాలపు ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో పదవికి రాజీనామా చేసినారు. ఆయన వెనుక 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చినారు. తిరిగి 1936లో రామలింగారెడ్డిగారే ఆ పీఠం ఎక్కి 1949 వరకు నిర్వహించినారు. ఏలూరు కళాశాల పేరులో నిలిచి ఉన్నది ఆయన పేరే. విద్యాలయాధిపతి రాజకీయాలకు దూరంగా ఉండవలెనా, లేక అవసరమైనప్పుడు నోరు విప్పవలెనా అనే ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం ఉపన్యాసంలో కన్న రాజీనామా పత్రంలో స్పష్టంగా ఉన్నది.

రాధాకృష్ణన్ కాలంలో వాల్తేరు వేదిక దేశమంతటా పేరు పొందినది. 1933 డిసెంబరులో రవీంద్రనాథ ఠాకూరు అక్కడకు వచ్చి మానవుని గురించి ఉపన్యాసాలిచ్చినారు. అవి తరువాత గ్రంథరూపం దాల్చినవి. ఒక ప్రాంతీయ విశ్వవిద్యాలయం విశ్వకవిని రప్పించి మాట్లాడించగలగడం తెలుగువారికి గర్వకారణమే. అయితే ఆ వాక్కు ఆంగ్లం. వాల్తేరు సభా మందిరంలో వినిపించిన మాట కొల్లేటి ఒడ్డుకు చేరడానికి భాష అనే ఏరు అడ్డం ఉన్నది. ఆ ఏటిని దాటించే ప్రయత్నం మరొక చోట జరగకపోలేదు. 1918లో హైదరాబాదులో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధన భాషగా గ్రహించి, ఉన్నత విద్యను దేశభాషలో నడపవచ్చునని చూపినది. కాని ఆ సంస్థానంలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు కావడం వల్ల, ఒక అడ్డంకి తొలగి మరొక అడ్డంకి మిగిలినది. కళాశాలలకు తెలుగు గ్రంథాలను సిద్ధపరచే పని కోసం 1968లో తెలుగు అకాడమీ ఏర్పడవలసి వచ్చినది.

విశ్వవిద్యాలయాలు చేయలేకపోయిన పనిలో కొంత గ్రంథాలయాలు చేసినవి. 1906లో ప్రారంభమైన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర చరిత్ర గ్రంథాలను తెలుగులో వెలువరించినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించినారు. రోడ్డు లేని పల్లెకు పుస్తకం నీటిమీద వెళ్ళినది. కాలువలు గల దేశంలో విద్యను ఎట్లు పంచవచ్చునో ఆ పడవకు తెలిసినంతగా గొప్ప భవనాలకు తెలియలేదు.

తెలుగు సభల సంప్రదాయం

బహిరంగోపన్యాసం పరదేశం నుండి వచ్చిన వస్తువని భావించడం పొరపాటు. తెలుగు పల్లెలలో పురాణ శ్రవణం తరతరాలుగా ఉన్నది. ఒకరు పద్యం చదువగా మరొకరు అర్థం చెప్పే ఆ పద్ధతి విద్యావంతునికీ విద్యలేనివానికీ మధ్య వంతెన. హరికథకుడు కథను ఆపి లోకరీతిని విమర్శించేవాడు. బుర్రకథలో రాజకీయానికే ఒక వంతకు స్థానం ఉన్నది. ఒకడు హాస్యం చెప్పితే మరొకడు దేశకాల పరిస్థితులను ప్రస్తావిస్తాడు. 1943లో రూపొందిన ప్రజానాట్యమండలి ఆ కళను ఉద్యమ సాధనం చేసినది. షేక్ నాజర్ వంటి కళాకారుల కంఠంలో బుర్రకథ పల్లె పల్లెకూ రాజకీయ పాఠమైనది. ఇక తోలుబొమ్మలాట మాటేమి? తెల్లని బట్ట, వెనుక దీపం, దాని మీద కదలే రంగుల నీడలు. తెర మీద బొమ్మ చూచి కథ తెలుసుకొనడం తెలుగు రైతుకు సినిమా నేర్పిన విద్య కాదు.

వీటన్నిటికంటె ఈ సందర్భంలో స్మరింపదగినది అవధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి తెలుగునాట కవిత్వాన్ని సభలకెక్కించినారు. వారిలో దివాకర్ల తిరుపతి శాస్త్రి భీమవరం ప్రాంతపు యండగండికి చెందినవారు. అవధాన సభలో అవధాని ఒక్కడే ఉండడు. పృచ్ఛకులు ఉంటారు. వారు శ్రోతల వరుసలలో ఎక్కడో వెనుక కూర్చొనరు. వేదిక మీదనే అవధాని ఎదుట కూర్చొంటారు. అడ్డుప్రశ్న వేయడం వారి హక్కు. దానికి సమాధానం చెప్పడం అవధాని విధి. పృచ్ఛకుడు లేనిదే అవధానం లేదు.

నేటి సభలను దీనితో పోల్చి చూడవలసి ఉన్నది. అతిథుల ఆహ్వానానికి, దుశ్శాలువలకు, అధ్యక్షుని తొలిపలుకులకు అరగంట, ఉపన్యాసానికి గంట, వందన సమర్పణకు పావుగంట. ప్రశ్నలకు సమయం చాలలేదన్న విచారంతో సభ ముగియడం పరిపాటి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఊరక పుట్టలేదు.

తెర మీది పాఠం

తెలుగు చలనచిత్రం బాల్యంలోనే ప్రాంతీయ రాజకీయాలను తాకినది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’లో అస్పృశ్యతను, 1939లో ‘రైతుబిడ్డ’లో జమీందారీ విధానాన్ని చిత్రించినారు. బళ్ళారి రాఘవ నటించిన ‘రైతుబిడ్డ’ జమీందారుల ఆగ్రహానికి గురియై నిషేధాన్ని చవిచూచినది. బట్ట మీద పడే నీడలకు సైతం పాలకులు జంకుతారని తెలుగు ప్రేక్షకునికి అప్పుడే తెలిసినది.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ఆ శక్తిని తన చేతిలోకి తీసుకొన్నది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడి డాక్యుమెంటరీలను, వార్తాచిత్రాలను నిర్మించినది. సినిమా హాళ్ళలో అసలు బొమ్మకు ముందు వాటిని చూపడం తప్పనిసరి అయినది. 1953లో మొదలైన క్షేత్ర ప్రచార శాఖ వ్యానులు తెరనూ యంత్రాన్నీ పల్లెలకు మోసుకొని వెళ్ళినవి. ఆనకట్టలు, కొత్త వంగడాలు, టీకాలు, పంచవర్ష ప్రణాళికలు అన్నీ ఆ తెరమీద కనిపించినవి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు కృత్రిమోపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠాలను పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలు పాల్గొన్నవి. 1984లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గదిని ప్రారంభించినది. అంతకు రెండేళ్ళు ముందు, 1982లో, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలసినది; అది నేడు అంబేద్కర్ పేరుతో వ్యవహరింపబడుతున్నది.

క్షేత్ర ప్రచార శాఖ 2017లో మరొక సంస్థలో లీనమైనది. ఫిల్మ్స్ డివిజన్ 2022 - 23లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది. వ్యాను రాకపోయినా నేడు ప్రతి చేతిలో ఒక తెర ఉన్నది. చూడడానికి కొదవ లేదు. లోపించినది మరొకటి: పదిమంది ఒక చోట కూర్చొని, ఒకే బొమ్మను చూచి, చూచినదానిని గురించి ఒకరినొకరు అడుగుకొనే వేళ. చేతిలోని తెర చూచేవానిని ఒంటరిని చేస్తుంది. బట్ట మీది తెర ఊరిని కూడబెడుతుంది.

ఐదు అడుగుల గీత

ప్రాంతీయ రాజకీయం అనే మాట విన్నప్పుడు ఎన్నికలు, కులాలు, నాయకులు మనస్సుకు వస్తారు. ఉంగుటూరు శాసనసభా నియోజకవర్గంలోనే భీమడోలు, నిడమర్రు మండలాలు ఉన్నవి. అవి కొల్లేటి గాలి సోకే మండలాలు. అక్కడి రాజకీయానికి మూలం ఒక కనిపించని గీత. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ ఊహించి గీసిన ఆ సమోన్నత రేఖను అందరూ ఐదవ కాంటూరు అంటారు.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లంలో కొల్లేరు ఏర్పడినది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏళ్ళు తెచ్చే వరదను అది తన కడుపున దాచుకొని, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి విడిచిపెడుతుంది. పదడుగుల రేఖ వరకు నీరు నిండితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు; ఐదడుగుల రేఖ వరకు సుమారు 308; మూడడుగులకు దిగితే సుమారు 135. 1999లో ఐదడుగుల రేఖ లోపలి భాగాన్ని ప్రభుత్వం వన్యప్రాణి రక్షణ కేంద్రంగా ప్రకటించినది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ జాబితాకెక్కినది. ఈ మధ్యకాలమంతటా చేపల చెరువులు సరస్సు లోనికి పెరుగుతూనే వచ్చినవి. 2006లో ఆ రేఖకు లోపలనున్న చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించినది. 2008లో సరిహద్దును మూడడుగుల రేఖకు తగ్గించవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించినది.

ఈ కథలో ప్రతి ఒక్కరికీ ఒక న్యాయం ఉన్నది. తాతల నాటినుండి నీటిమీద బ్రతికిన మత్స్యకారునికి వల ఆడకపోతే పూట గడవదు. జిరాయితీ పట్టా గల రైతుకు తన నేల తనదే. అటపాక వద్ద గూడు కట్టే గూడబాతులకు ఓటు లేదు. ఎగువన ఉన్న పట్టణాలకు వరదనీరు పోయే దారి కావాలి. మూడడుగులా, ఐదడుగులా అనే వాదంలో దిగే ముందు ఒక్కొక్క అడుగు తగ్గినప్పుడు ఎన్ని చదరపు కిలోమీటర్ల నీటి నిలువ తగ్గుతుందో లెక్క కట్టగలగాలి. అది ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్క. ఐదు నుండి మూడుకు దిగితే 308లో సగానికి పైగా రక్షణ వెలుపలికి పోతుంది. ఆ లెక్క వచ్చిన విద్యార్థి తన ఊరి సభలో ఏ పక్షపు నాయకుడు మాట్లాడినా ఒక ప్రశ్న వేయగలడు. భూగోళ శాస్త్రజ్ఞుడు, న్యాయవాది, పక్షిశాస్త్రజ్ఞుడు, మత్స్యకార సంఘపు పెద్ద ఒకే వేదిక మీద కూర్చొని తలా అరగంట మాట్లాడి, తరువాత గంటసేపు ప్రశ్నలకు జవాబు చెప్పే సభ కొల్లేటి ఒడ్డున జరిగితే, అంతకు మించిన ప్రాంతీయ రాజకీయ ఉపన్యాసం మరొకటి ఉండదు.

భద్రత అన్న మాట

దేశ రక్షణ అనే విషయం ఢిల్లీలోని నిపుణులకు, సరిహద్దులోని సైనికులకు సంబంధించినదని పల్లెటూరివారు అనుకొంటారు. ఈ నేల చరిత్ర వేరు విధంగా చెబుతున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. తీరాన ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆ సంవత్సరమే గుంటూరుకు తరలించవలసి వచ్చినది. తాడేపల్లిగూడెంలో నాటి యుద్ధం కోసం వేసిన విమానాల బాట ఉన్నది. ఆ కాంక్రీటును చూస్తూ పెరిగిన బాలునికి రెండవ ప్రపంచ యుద్ధం పుస్తకంలోని ఒక అధ్యాయం మాత్రమే కావడం శోచనీయం.

సముద్రం విషయమై 1945లోనే కె. ఎం. పణిక్కర్ హిందూ మహాసముద్రాన్ని గురించి గ్రంథం వ్రాసి, భారతదేశ భవితవ్యం ఆ నీటితో ముడివడి ఉన్నదని హెచ్చరించినారు. 1960 దశకంలో విశ్వవిద్యాలయాలలో పరదేశ ప్రాంతాల అధ్యయనానికి కేంద్రాలు ఏర్పడసాగినవి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియాను, హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం హిందూ మహాసముద్ర ప్రాంతాన్ని పరిశోధన విషయాలుగా గ్రహించినవి. తెలుగునాడుకు వందలాది మైళ్ళ సముద్రతీరం ఉన్నది. కాబట్టి ఆ పరిశోధనలు తెలుగువానికి ఇంటి వ్యవహారాలే. అవి ఆంగ్ల వ్యాసాలుగా అల్మారాలలో ఉండిపోతే ఎవరికి ప్రయోజనం?

ఈ విషయంలో చలనచిత్రమూ ఉపన్యాసమూ ఒకదానికొకటి ఎట్లు తోడ్పడగలవో చెప్పడానికి ఒక నిదర్శనం చాలు. 1971 డిసెంబరు 3 - 4 తేదీల నడిరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ విశాఖ తీరాన మునిగిపోయినది. భారత నౌకాదళ కథనం ప్రకారం ‘రాజ్‌పుత్’ అనే యుద్ధనౌక విడిచిన పేలుడు గుండ్లు దానికి కారణం. పాకిస్తాన్ కథనం ప్రకారం దానిలోనో, అది పరచిన మందుపాతరల వల్లనో జరిగిన ప్రమాదం కారణం. 2017లో విడుదలయిన తెలుగు చిత్రం ‘ఘాజీ’లో మాత్రం ఒక భారతీయ జలాంతర్గామి సముద్రగర్భంలో దానితో పోరాడి గెలుస్తుంది. కథకునికి ఆ స్వేచ్ఛ ఉన్నది. కాని చిత్రం చూచిన బాలుడు అదే చరిత్ర అని నమ్మితే తప్పు బాలునిది కాదు. చిత్రం తరువాత అరగంట సేపు ఒక చరిత్రోపాధ్యాయుడు మూడు కథనాలనూ నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాసి, ఒక్కొక్కదానికి ఆధారమేమిటని అడిగితే, ఆ రాత్రి విద్యార్థి నేర్చుకొనేది ఘాజీ కథ ఒక్కటే కాదు. సాక్ష్యాన్ని తూచే విద్య. విశాఖ సముద్రతీరాన 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ‘కుర్సురా’ జలాంతర్గామిని చూచి వచ్చిన పిల్లలకు ఆ చర్చ మరింత రుచిస్తుంది.

భద్రతకు మరొక ముఖం ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన శత్రుసైన్యం పంపినది కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ నగరంలో ఇండ్లు మునిగినవి. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. సరస్సు నోరు పూడిపోయినప్పుడు ఏరు నగరంలోనికి తిరుగుతుందనే సంగతి భద్రతా శాస్త్రమే. ఐదడుగుల గీత, విమానాల బాట, బుడమేటి గట్టు ఈ మూడింటినీ ఒక గొలుసులో కూర్చి చెప్పగల ఉపన్యాసకుడు దొరికితే పల్లెటూరి శ్రోత తన నేలను తాను కొత్తగా చూడగలుగుతాడు.

వేంగి నేల

సంస్కృతి విషయంలోనూ ఈ ప్రాంతం పరాయి సొమ్ముకు చేయి చాచవలసిన పని లేదు. ఏలూరికి చేరువనున్న పెదవేగి ఒకనాటి వేంగి. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఈ నేలను ఏలినారు. గుంటుపల్లి కొండలలో బౌద్ధ గుహాలయాలు ఉన్నవి. ఏడవ శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఈ ప్రాంతాన్ని గురించి వ్రాసినాడు. నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడు వేంగి చాళుక్యుడే. పశ్చిమ గోదావరి జిల్లా నుండి వచ్చిన మల్లంపల్లి సోమశేఖర శర్మ శాసనాలను చదివి తెలుగువారి చరిత్రను వెలికితీసినారు. రెడ్డిరాజ్యాల చరిత్రపై ఆయన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రకటించినది. పల్లెనుండి విశ్వవిద్యాలయానికి విద్య ప్రవహించిన సందర్భమది. అది తిరిగి పల్లెకు ప్రవహించకపోతే కాలువకు ఒక్క గట్టే కట్టినట్లు.

పెదవేగి మట్టిదిబ్బలో దొరికిన ఇటుకను గురించి మాట్లాడడానికి ఆ దిబ్బను మించిన సభామందిరం లేదు. గుంటుపల్లి గుహల ఎదుట చెప్పిన పాఠానికి పటం అక్కరలేదు.

ఒకే ప్రాంగణం, రెండు తెరలు

ఇంతవరకు చెప్పినది వినడానికి ఇంపుగానే ఉంటుంది. కష్టమైన ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. రాజకీయ విషయాలపై ఉపన్యాసమో ప్రదర్శనో జరిగినప్పుడు వివాదం రాక మానదు. అప్పుడు విద్యాలయం ఏమి చేయాలి?

2023 జనవరి 26న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒక సంఘటన జరిగినది. 2002 నాటి గుజరాత్ అల్లర్లను ప్రస్తావిస్తూ బి.బి.సి. నిర్మించిన డాక్యుమెంటరీని ఒక విద్యార్థి సంఘం ప్రదర్శించినది. అంతకుముందే దాని ప్రసార లంకెలను తొలగించవలసినదిగా కేంద్ర ప్రభుత్వం ఆదేశించి ఉన్నది. అదే దినాన, అదే ప్రాంగణంలో, మరొక విద్యార్థి సంఘం కాశ్మీరీ పండితుల వలసను చిత్రించిన ‘ది కాశ్మీర్ ఫైల్స్’ను ప్రదర్శించినది. రెండూ మానవుల దుఃఖాన్ని గురించినవే. ఒక వైపువారు తమ తెరను, రెండవ వైపువారు తమ తెరను ఎత్తినారు. తమకు ముందే ఇష్టమైన చిత్రాన్ని తమవారి నడుమ చూచిన ప్రేక్షకునికి కొత్త ప్రశ్న ఎక్కడినుండి పుడుతుంది?

నిషేధం ఈ సమస్యకు మందు కాదు. ‘రైతుబిడ్డ’ను ఆపినవారు జమీందారీని ఆపుకొనలేకపోయినారు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే చట్టం దానిని రద్దు చేసినది. విచ్చలవిడి ప్రదర్శన కూడ మందు కాదు. ఒక్క పక్షం చిత్రాన్నే చూపి చప్పట్లు కొట్టించుకొనే సభ ప్రచార సభ అవుతుంది గాని విద్యాసభ కాదు. మూడవ మార్గం అవధాన వేదిక చూపినదే. చిత్రాన్ని ఎన్నుకొన్నవారే దానిని గట్టిగా ప్రశ్నించగల పృచ్ఛకుని కూడ పిలువాలి. ఆయనకు వేదిక మీదనే పీట వేయాలి. రెండు చిత్రాలనూ రెండు సంఘాల వారూ కలిసి చూడాలి. అధ్యక్షుడు తీర్పు చెప్పకూడదు. వేళ మాత్రం చూడాలి. ఇష్టం లేని మాటను చివరిదాకా వినగలగడం విద్యకు తొలి గుర్తు. ఆ సహనం ఇరవై ఏండ్ల వయసులో ఒక్కసారిగా రాదు. పది పన్నెండేండ్ల వయసులో బడిలో అలవడాలి.

బడి చేయగల పని

అందువల్ల ఈ వ్యవహారంలో విశ్వవిద్యాలయం కన్న ముందు నడవవలసినది పాఠశాల. దీనికి పెద్ద ధనం అక్కరలేదు. ప్రభుత్వ పాఠశాలలు పెక్కింటికి ఇటీవలి కాలంలో తెరలు సమకూడినవి. లేనిచోట తెల్లని దుప్పటి చాలును. సంవత్సరానికి నాలుగు సభలు చాలును: ఒకటి కొల్లేటిపై, ఒకటి సముద్రంపై, ఒకటి వేంగి చరిత్రపై, ఒకటి రాష్ట్ర రాజకీయ చరిత్రపై. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏ వాదాల నుండి పుట్టినవో పక్షపాతం లేకుండ చెప్పగల ఆచార్యులు తెలుగు విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. వారిని పిలిచేవారు కావాలి. ఒక ప్రధానోపాధ్యాయుడు వ్రాసే పోస్టుకార్డు అందుకు ఆరంభం కావచ్చును.

ఉపన్యాసకునికి మూడు నియమాలు ముందుగానే తెలుపవలసి ఉన్నది. మాట తెలుగులో ఉండాలి. శాస్త్రపదం తప్పనిసరి అయితే దానిని విప్పి చెప్పాలి. గంటకు మించరాదు. మాట్లాడినంతసేపు ప్రశ్నలకు కూర్చొనాలి. విద్యార్థులకు కూడ ఒక నియమం ఉన్నది. సభకు ముందు వారం రోజులలో ఒక్కొక్కరు ఒక ప్రశ్న సిద్ధపరచుకొని రావాలి. తాతను అడిగి పాత కొల్లేటి హద్దు తెలుసుకొనడం, పొలం గట్టు మీద నిలిచి నీరు ఎటు పారుతున్నదో చూడడం, గ్రంథాలయంలో పటం వెదకడం ఆ సిద్ధతలో భాగాలు. ఉపాధ్యాయుడు వారిలో ముగ్గురిని పృచ్ఛకులుగా ఎన్నుకొని వేదిక మీద కూర్చొనబెట్టాలి. ఆ ముగ్గురిలో ఒకరు వెనుక బల్ల మీది పిల్లవాడు కావడం మంచిది.

సభ ముగిసిన తరువాత తెర చుట్టిపెట్టవచ్చును. పటాలను మాత్రం వెంటనే తీయరాదు. రాచ్‌డేల్ కార్మికుల వలె ఉంగుటూరు పిల్లలు కూడ వాటి ముందు నిలిచి మరికొంతసేపు వాదించుకొంటారు. ఐదడుగుల గీత తమ ఊరికి ఏ వైపున పోతున్నదో వ్రేలితో చూపే బాలిక పదేండ్ల తరువాత ఓటరు అవుతుంది. ఒకనాడు ఆ గీతను మార్చడానికో నిలపడానికో చేయి ఎత్తవలసిన స్థానంలో ఉండవచ్చును. ఆనాడు ఆమె ఎవరి మాట వినాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఏమి అడగాలో ఆమెకు తెలిసి ఉంటే చాలును.